పిన్ను లేని తుపాకి

తార్నాక అనే మాటకు అర్థమేమిటని మా విద్యార్థులు అప్పుడప్పుడు అడుగుతూ ఉంటారు. తెలుగు మాస్టారికి తెలియకపోతే ఇక లోకంలో ఎవరికీ తెలియదని వారి నమ్మకం. తీరా చూస్తే ఆ మాటలో తెలుగు పాలు బొత్తిగా లేదు. ‘తార్’ అంటే తీగ. ‘నాకా’ అంటే వచ్చేపోయే బండ్లను ఆపి సోదా చేసే చోటు. పూర్వం ఇక్కడ ఒక నవాబుగారికి పెద్ద తోట ఉండేదట. తోట చుట్టూ ముళ్ళతీగ, ఆ తీగ దగ్గర కాపలా ఠాణా. అదే తార్నాక అయిందని పెద్దలు చెప్పుకొంటారు. నేడు ఆ కూడలిలో తోటా లేదు, తీగా లేదు. తలమీద మెట్రో రైలు, చెవుల్లో హారన్లు. ఒకవైపు లాలాగూడ రైల్వే కర్మాగారం, ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం, హబ్సిగూడ దారి పట్టుకొంటే వరసగా ప్రయోగశాలలు. నాకా మాత్రం పేరులో మిగిలిపోయింది.

నాకా చిత్రమైన వస్తువు. అక్కడ నిలబడ్డ జవాను ఒక బండిని ఆపుతాడు. బండిలో ఏమున్నదో అతనికి తెలుసు. అది ఆగిపోయినందువల్ల ఎన్ని ఆమడల అవతల, ఎవరి ఇంట్లో, ఏ పని ఆగిపోతుందో అతనికి తెలియదు. ఆపమని ఉత్తరువు పంపిన పెద్దలకూ తెలియదు. తుపాకులను ఆపడానికి నాకా పెడితే ఉప్పు ఆగిపోయి, తుపాకులు వేరే దారిన వచ్చిన కథ ఒకటి మన హైదరాబాదులోనే జరిగింది. అది చెప్పడానికి ముందు తుపాకిని గురించి నాలుగు మాటలు చెప్పాలి.

పద్యాలు చెప్పుకొనేవాడికి తుపాకుల గొడవ ఏమిటని పాఠకులు నవ్వుకోవచ్చు. చదువుకొనే రోజుల్లో నేను ఎన్.సి.సి.లో ఉండేవాణ్ణి. ఇప్పటికీ పొద్దున్నే క్యాంపస్‌లో నడకకు వెళ్ళినప్పుడు కేడెట్ల కవాతు కనిపిస్తే కాళ్ళు తమంతట తామే నిలబడతాయి. మాకు కవాతుకు ఇచ్చే రైఫిలును డి.పి. రైఫిలు అనేవారు. డ్రిల్లుకు మాత్రమే పనికివచ్చేదని అర్థం. చూడటానికి అచ్చంగా తుపాకే. గొట్టమున్నది, కొయ్య దిమ్మ ఉన్నది, గొళ్ళెం లాగా వెనక్కి లాగే బోల్టు ఉన్నది. లోపల పిన్ను మాత్రం తీసివేసి ఉంటుంది. మా హవల్దారు దాన్ని ‘నాలుగు కిలోల కర్ర’ అనేవాడు. అతడు హాస్యమాడేవాడు కాడు, ఉన్న మాట చెప్పేవాడు.

తుపాకి పేలడమంటే నిజానికి ఇంతే: ఒక స్ప్రింగు చిన్న పిన్నును ముందుకు తోస్తుంది. అది తూటా అడుగున ఉన్న గురిగింజంత మూతను పొడుస్తుంది. ఆ మూతలోని మందు భగ్గుమని లోపలి మందును అంటిస్తుంది. పిన్ను అరిగితే, స్ప్రింగు సడలితే, ఖాళీ తూటాను బయటికి లాగే చిన్న కొక్కెం విరిగితే ఎంత గొప్ప రైఫిలైనా మూలన పెట్టవలసిందే. పోనీ, పక్కవాడి రైఫిలులోని భాగం ఊడదీసి దీనికి పెట్టవచ్చు కదా అంటారేమో. అన్నిటికీ కుదరదు. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ ఇంగ్లీషువారి సైన్యాలు వాడిన .303 రైఫిలులో బోల్టు తల తూటా అడుగుకు సరిగ్గా ఆనాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా తూటా లోపలే పగిలి కాల్చినవాడి మొహమే కాలవచ్చు. అందుకని రెండో యుద్ధం నాటి నాలుగో నమూనా రైఫిలుకు బోల్టు తలలను సున్నా నుంచి మూడు దాకా నాలుగు కొలతల్లో చేశారు. ఏ రైఫిలుకు ఏ కొలత పడుతుందో చూసి బిగించేందుకు మిస్త్రీ వేరే ఉండేవాడు. తుపాకి వెనక ఇంత సంసారం ఉన్నదని ఆ రోజుల్లో నాకే ఆశ్చర్యం వేసింది.

ఫైరింగు రోజున మనిషికి ఐదు తూటాలు ఇచ్చేవారు. కాల్చిన తరువాత ఇత్తడి గుల్లలను, వాటిని ‘ఖాళీ ఖోకా’లు అంటారు, ఏరి లెక్క అప్పగించాలి. ఒక్కటి తక్కువైతే కంపెనీ అంతా ఎండలో గడ్డి దువ్వవలసి వచ్చేది. పెళ్ళివారింట వెండి గ్లాసు పోయినా అంత గాలింపు ఉండదు. తూటా విలువ ఎంతో చెప్పడానికి వేరే పాఠం అక్కరలేకపోయింది.

ఎన్.సి.సి. చట్టం వచ్చినది 1948లో. ఆ ఏడాది అది ఇండియన్ యూనియన్ సంగతి. తార్నాక అప్పటికి యూనియన్‌లో లేదు.

1947 ఆగస్టు 15 నాటికి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇటు ఇండియాలోనూ చేరలేదు, అటు పాకిస్తాన్‌లోనూ చేరలేదు. నవంబరు 29న ఒక సంవత్సరానికి యథాతథ ఒప్పందం కుదిరింది. సుమారు 82 వేల చదరపు మైళ్ళ సంస్థానం, కోటీ అరవై లక్షల జనం. ఎటు చూసినా నేలే తప్ప గుక్కెడు సముద్రం లేదు. రైలు ఎటు కదిలినా కొన్ని గంటల్లో పరాయి సరిహద్దు తగిలేది. సంస్థానానికి సొంత నాణెం, సొంత తపాలా, సరిహద్దుల్లో సుంకం వసూలుచేసే సొంత శాఖ ఉండేవి. ఆ శాఖను కరోడ్‌గిరి అనేవారు. వెనకటి తరం తెలంగాణ రైతుకు ఆ పేరు చెబితే చాలు, మొహం చిట్లించుకొనేవాడు.

నిజాం సైన్యానికి ఆయుధాలు, వాటి విడిభాగాలు, తూటాలు అన్నీ అంతవరకు ఢిల్లీ ద్వారా రావడమే ఆచారం. తెల్లవారు పోయాక ఆ సరఫరా ఆగింది. ఒప్పందం ప్రకారం ఇవ్వాలని హైదరాబాదు వాదన. ఒప్పందాన్ని మీరే ఉల్లంఘించారని ఢిల్లీ వాదన. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చారు, సంస్థానంలో ఇండియా రూపాయి చెల్లదన్నారు, ఊళ్ళమీదికి రజాకార్లను వదిలారు, ఇక మీ చేతికి తుపాకులు ఎలా ఇస్తామని ఢిల్లీ అడిగింది. రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం మొదటి ప్రశ్న వేసినంత సులువు కాదు. రజాకార్లను చూసినవారి ఇళ్ళల్లో ఆ భయం రెండు తరాల తరువాత కూడా చల్లారలేదు.

1948లో వేసవి ముదిరేకొద్దీ సరిహద్దులు బిగుసుకొన్నాయి. తుపాకి దారి మూసుకొన్నది, సరే. దాని వెంట ఏమేమి మూసుకొన్నాయో చూడండి. పెట్రోలు తగ్గింది. యంత్రాల విడిభాగాలు తగ్గాయి. మందులు రావడంలేదనీ, తాగే నీటిలో కలిపే క్లోరిన్ కూడా రావడంలేదనీ హైదరాబాదు ప్రభుత్వం గగ్గోలు పెట్టింది. తిండి, ఉప్పు, మందులపై తాము నిషేధం పెట్టలేదని ఢిల్లీ జవాబు. ఆనాటి ప్రధాని మీర్ లాయక్ అలీ పుస్తకం ఒక రీతిగా చెబుతుంది. ఢిల్లీ తరఫున ఇక్కడ ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ పుస్తకం మరో రీతిగా చెబుతుంది. రెండూ చదివితే నాకు తోచినది ఇది: ఢిల్లీలో రాసిన కాగితం మీద ఆయుధాలే ఉండవచ్చు. ఆ కాగితం రాష్ట్ర రాజధానికి, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి నాకా దగ్గరకు చేరేసరికి అత్యుత్సాహం తోడై, ‘హైదరాబాదుకు పోయే బండి ఏదైనా సరే’ అని మారిపోయి ఉంటుంది. కింది ఉద్యోగికి ఆపడంలో ఉన్న భద్రత వదలడంలో లేదు. వదిలి తప్పైతే ఉద్యోగానికి ముప్పు. ఆపితే ఎవరూ అడగరు.

పెట్రోలుకు ఏదో ఒక ఉపాయం ఉండేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మడ్డి నుంచి తీసిన ఆల్కహాలును పెట్రోలులో కలిపి వాడటం సంస్థానంలో యుద్ధకాలం నాటికే అలవాటు. ఉప్పుకు ఉపాయం లేదు. ఉప్పు సముద్రంలో పుడుతుంది. సముద్రం కోస్తా జిల్లాలవారిది. రైళ్ళు రాకముందు లంబాడీలు వేల ఎద్దులమీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు మోసేవారు. మొగలాయి సైన్యాలకు ధాన్యం మోసినదీ వాళ్ళే. యుద్ధం చేసేవారి మధ్య కూడా ఆ బిడారులకు దారి వదిలేవారట. రైలు వచ్చి ఆ ఎద్దుల కాలం చెల్లిపోయింది. ఎద్దులు నూరు దారుల్లో వచ్చేవి. రైలుకు ఉన్నదొకటే దారి. దాన్ని మూయడానికి ఒక్క గేటు చాలు.

మా నాయనమ్మది నల్లగొండ జిల్లా. ఆ వేసవిలో ఆమె కొత్త కోడలు. పోలీసు చర్య గురించి అడిగితే సైన్యాలనూ ట్యాంకులనూ వదిలేసి ఆమె ముందుగా చెప్పేది ఒకటే: ‘ఆ యేడు తొక్కు పెట్టలేదు.’ మామిడికాయలు చెట్టునిండా ఉన్నాయి. ఇంట్లో కారం ఉన్నది, నువ్వుల నూనె ఉన్నది. ఉప్పు లేదు. సోలెడు ఉప్పు దొరికితే అది కూరకు దాచుకోవాలి గాని తొక్కులో పోస్తారా? కాయలన్నీ చెట్టుమీదే పండి రాలాయి. పిల్లలు సంబరపడ్డారట. తరువాత ఏడాది పొడుగునా జొన్నరొట్టెతో నంజుకోవడానికి ఏమీ లేక ఆ సంబరం తీరిపోయింది. ఉప్పు గల్లును గుడ్డలో మూటగట్టి, ఉడికే పప్పులో ఒకసారి ముంచి తీసి, మళ్ళీ ఉట్టిమీద పెట్టేవారని ఆమె చెబుతుంటే నేను చిన్నప్పుడు కథ అనుకొనేవాణ్ణి. పశువులకు కుడితిలో వేసే ఉప్పు లేక పాడి తగ్గిందని కూడా చెప్పేది. ఇక అటువంటి సమయంలో ఇల్లు కాలి ఒకడేడుస్తూంటే చుట్టకు నిప్పడిగినవాడిలాగా, దొంగచాటుగా బస్తా తెచ్చి చిటికెలో అమ్మినవారు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. వాళ్ళ గురించి ఆమె వాడిన మాటలు ఈ పత్రికలో అచ్చువేయడానికి వీలుకావు.

ఉప్పు ఇలా ఉండగా తుపాకుల సంగతి ఏమైంది? వాటికి రెక్కలు వచ్చాయి.

సిడ్నీ కాటన్ అని ఒక ఆస్ట్రేలియా వైమానికుడు. మన గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొరతో ఇతనికి సంబంధం లేదు. ఇతని వ్యవహారం వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానం నడిపేవారికి చలి ఆనకుండా ఒక దుస్తు కనిపెట్టి పేరు తెచ్చుకొన్నాడు. రెండో యుద్ధానికి ముందు ఇంగ్లీషువారి కోసం జర్మనీమీద ఎగిరి రహస్యంగా ఫోటోలు తీశాడు. 1948లో హైదరాబాదు ప్రభుత్వంతో బేరం కుదుర్చుకొని, లాంకాస్ట్రియన్ అనే పెద్ద విమానాల్లో కరాచీ నుంచి ఆయుధాలు తేవడం మొదలుపెట్టాడు. లాంకాస్ట్రియన్ అంటే యుద్ధంలో బాంబులు వేసిన లాంకాస్టర్ విమానమే, బాంబులు తీసివేసి సరుకులకూ ప్రయాణీకులకూ వీలుగా మార్చినది. రాత్రివేళ ఇండియా ఆకాశాన్ని దాటి బీదరులోనూ వరంగల్లులోనూ దిగేవి. తరువాత ఇంగ్లండులో అతనిమీద కేసు నడిచి జరిమానా పడింది. అతని జీవితచరిత్ర చదివితే ఆ జరిమానా దోమ కుట్టినంత కూడా అనిపించలేదని తెలుస్తుంది.

నాకాలు నేలమీద ఉన్నాయి. డబ్బున్న సరుకు ఆకాశంలో పోయింది. ఒక విమానంలో ఎన్ని బస్తాల ఉప్పు పట్టేదో ఎవరూ లెక్క వేసినట్టు లేదు. ఉప్పు తెస్తే ఏం లాభం?

పోనీ, తుపాకులు అందరికీ చాలాయా అంటే అదీ లేదు. 20 వేలకు పైచిలుకు ఉన్న నిజాం సైన్యంలో పూర్తి శిక్షణ పొందినవారు 6 వేలని ఒక లెక్క. రజాకార్లు రెండు లక్షలని చెప్పుకొనేవారు గాని, వారిలో నాలుగో వంతు మంది చేతుల్లోనే కొత్తరకం తుపాకులు ఉండేవి. తక్కినవన్నీ మూతినుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకులు, కత్తులు. ఇలాంటి మూతితుపాకికి తెలంగాణలో భర్మారు అని పేరు. కొత్త తుపాకికి ఫ్యాక్టరీ తూటాయే కావాలి. భర్మారుకు ఊరి కమ్మరి చాలు: సూరేకారం, గంధకం, బొగ్గు నూరి మందు చేసుకొంటారు, ఇనుప ముక్కలు, గులకరాళ్ళు ఏవి దొరికితే అవి దట్టిస్తారు. విడిభాగం విరిగితే కమ్మరి కొలిమిలో పుట్టిస్తాడు. దాని గురి దేవుడికెరుక. కాని ఏ నాకా దాన్ని ఆపలేదు.

దొరలమీదా రజాకార్లమీదా తిరగబడ్డ తెలంగాణ రైతులు మొదట పట్టుకొన్నవి ఈ భర్మారులే. అవీ లేనివారు వడిసెల తిప్పారు, ఆడవాళ్ళు కారప్పొడి కొంగున కట్టుకొన్నారు. తరువాత దొరల గడీల నుంచి లాక్కొన్న లైసెన్సు తుపాకులు, పోలీసులనుంచి చిక్కిన రైఫిళ్ళు కొన్ని చేరాయి. రైఫిలు చిక్కడం ఒక ఎత్తు, దానికి తూటాలు చిక్కడం మరో ఎత్తు. బైరాన్‌పల్లి గ్రామస్థులు ఊరి బురుజెక్కి నాటు తుపాకులతోనూ వడిసెలలతోనూ దండును ఒకటికి రెండుసార్లు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లతో కలిసి సైనికులే ఊరిమీద పడ్డారు. ఆ రోజు వందమందికి దగ్గరగా చంపారు. ఆ బురుజు ఇప్పటికీ ఉన్నది. నేను విద్యార్థులను తీసుకొని వెళ్ళినప్పుడు ఒక కుర్రవాడు కింద రాళ్ళు ఏరి చేతిలో బరువు చూస్తూ నిలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు.

సెప్టెంబరు 13న యూనియన్ సైన్యాలు షోలాపూరు నుంచీ బెజవాడ నుంచీ ఇతర దిక్కుల నుంచీ ప్రవేశించాయి. 17 సాయంకాలానికి అయిపోయింది. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్, జనరల్ చౌదురికి లొంగిపోయాడు. ట్యాంకుల ముందు రైఫిళ్ళు ఎన్ని ఉన్నా ఒకటే. విమానాల్లో తెచ్చిన సరంజామా అంతా కలిసి నగరానికి ఐదు రోజుల గడువు కూడా సంపాదించలేకపోయింది. ఆ తరువాత కొన్ని జిల్లాల్లో జరిగిన ప్రతీకారాలు మరొక దుఃఖం. దానికి వేరే వ్యాసం కావాలి.

ఇప్పుడు మళ్ళీ మన తార్నాకకు వద్దాం. కూడలి నుంచి హబ్సిగూడ వైపు వెళ్ళే దారిలో ఉన్న ఐ.ఐ.సి.టి. అనే రసాయన పరిశోధన సంస్థను చూడని తార్నాకవాసి ఉండడు. అది ఎలా పుట్టిందో మాత్రం చాలామందికి తెలియదు. 1944లో, యుద్ధం జరుగుతూ ఓడలు సరిగా రాక దిగుమతి సరుకులన్నిటికీ కరువు వచ్చిన రోజుల్లో, నిజాం ప్రభుత్వం పెట్టిన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన కేంద్రమే దానికి మూలం. బయటినుంచి రాని వస్తువును ఇక్కడి ముడిసరుకుతో ఎలా చేసుకోవాలన్న ప్రశ్న అప్పటి నుంచీ దాని ముందున్నది. 1956లో కేంద్రం చేతికి వచ్చింది. 1989లో ఇప్పటి పేరు పెట్టుకొన్నది. దానికి కొంచెం ఇవతలే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. రక్తహీనత తగ్గడానికి ఉప్పులో ఇనుము కలిపే పద్ధతి అక్కడివారు రూపొందించారు. ఉప్పు లేక మామిడికాయలు రాలిన జిల్లాలకు పక్కనే ఈ పని జరిగిందని తలచుకొన్నప్పుడల్లా నాకు నాయనమ్మ గుర్తుకు వస్తుంది.

2020లో కోవిడ్ వచ్చి చైనానుంచి సరుకు ఆగినప్పుడు మన మందుల ఫ్యాక్టరీలకు కాలు చెయ్యి ఆడలేదు. మాత్రలు చేయడంలో హైదరాబాదుకు ప్రపంచమంతటా పేరున్నది. కాని ఆ మాత్రలోకి పోయే మూలద్రవ్యాల్లో దేశం దిగుమతి చేసుకొనేదానిలో సుమారు మూడింట రెండు వంతులు ఒక్క చైనా నుంచే వస్తున్నాయి. ఇదీ పిన్ను లేని తుపాకి కథే. కర్మాగారం ఉన్నది, పనివారు ఉన్నారు, కొనేవారు వాకిట్లో నిలబడ్డారు. లోపల చిన్న పిన్ను లేదు. ఆ రోజుల్లో ఐ.ఐ.సి.టి.లోని శాస్త్రజ్ఞులు ఫావిపిరావిర్, రెమ్‌డెసివిర్ మందుల మూలద్రవ్యాలను ఇక్కడే తయారుచేసే పద్ధతులు రూపొందించి కంపెనీలకు అందించారు. లాక్‌డౌన్ రాత్రుల్లో తార్నాక అంతా చీకటిగా ఉంటే ఆ ఆవరణలో దీపాలు వెలుగుతుండేవి.

అదే 2020లో, తుపాకులకు పుట్టిల్లయిన అమెరికాలో తూటాలు దొరక్క దుకాణాల్లో అరలు ఖాళీ అయ్యాయి. భయంతో జనం ఎగబడి కొన్నారు. గొట్టాలు చేసేవారు ఎందరో ఉన్నారు. తూటా అడుగున పెట్టే ఆ గురిగింజంత మూతను పెద్ద ఎత్తున చేసేవి ఆ దేశం మొత్తానికి నాలుగు కంపెనీలే. వాటిలో ఒకటి ఆ ఏడే దివాలా తీసింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరపుకు మరో సంగతి తెలిసివచ్చింది. ఫిరంగి గుండుకు కావలసిన మందు పత్తిగింజకు అంటి ఉండే పొట్టి నూగుతో మొదలవుతుందట. ఆ నూగు కోసం వారు చాలావరకు చైనామీద ఆధారపడి ఉన్నారు. మన వరంగల్లు, ఆదిలాబాదు పత్తి రైతుకు ఈ మాట చెబితే నమ్మడు.

మన దేశానికి ఈ పాఠం పాతదే. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు అక్కడినుంచి కొన్న విమానాలకూ వాహనాలకూ విడిభాగాలు ఎవరిని అడగాలో తెలియని పరిస్థితి వచ్చింది. ఒక దేశంతో చేసుకొన్న ఒప్పందానికి పదిహేను దేశాలు తేలాయి. ఒక భాగం ఒక దేశంలో, దాని బోల్టు మరో దేశంలో. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన ఫ్యాక్టరీ అంతకు ముందే ఆ రష్యా యుద్ధశకటాలను ఇక్కడ తయారుచేయడం మొదలుపెట్టింది గనుక కొంత మేలు జరిగింది. ఆటల్లో తుపాకి పట్టేవారి కష్టం చిన్నదిగా కనిపిస్తుంది గాని వారికి అది పెద్దదే. మన గగన్ నారంగ్ లాంటివారు వాడే మేలురకం తూటాలు జర్మనీ నుంచో ఇంగ్లండు నుంచో రావాలి. అన్ని తూటాలూ ఒకటి కావు. ఏ వాయిలో తయారైన తూటా తన గొట్టానికి సరిపడుతుందో కాల్చి చూసుకొని, ఆ వాయి సరుకే కొని దాచుకొంటారు, మన ఆడవారు ఒకే పంట బియ్యం ఏడాదికి సరిపడా కొనుక్కొన్నట్టు. ఓడ ఆలస్యమైతే ఆ గురి చెదిరిపోతుంది.

2021 ఏప్రిల్ వచ్చేసరికి కరువు ఊపిరికి వచ్చింది. ఏప్రిల్ 23న బేగంపేట విమానాశ్రయం నుంచి వాయుసేన విమానాలు ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను ఎక్కించుకొని భువనేశ్వర్ వెళ్ళాయి. ఒడిశా ఉక్కు ఫ్యాక్టరీల్లో ఆక్సిజన్ నింపుకొని తిరిగి రోడ్డుమీదే రావాలి, ఎందుకంటే నిండు ట్యాంకరును విమానంలో తేవడం ప్రమాదం. వెళ్ళేటప్పటి కాలమైనా కలిసివస్తుందని ఆ తాపత్రయం. కాటన్ విమానాలు రాత్రుళ్ళు దిగిన తెలంగాణలోనే, 73 ఏళ్ళ తరువాత, ఖాళీ డబ్బాలను మోసుకొని విమానాలు లేచాయి. ఈసారి వాటిని పంపినవారి మీద నాకు గౌరవం కలిగింది.

ఆ మే నెలలో మా వీధిలో ఒక రిటైరైన లెక్కల మాస్టారికి జబ్బు చేసింది. ఆసుపత్రుల్లో మంచం లేదు. అమెరికాలో ఉన్న కొడుకు రాత్రంతా ఫోన్లు చేసి, ఎవరెవరినో పట్టుకొని, తెల్లవారేసరికి ఇంటికి ఒక సిలిండరు పంపించాడు. పిన్నిగారు దానికి దణ్ణం పెట్టారు. నిండుగా ఉన్న సిలిండరు, మనిషెత్తున. దాని నుంచి గాలిని నిమిషానికి ఇన్ని లీటర్లని కొలిచి వదిలే ఇత్తడి మీటరు మాత్రం దానితో రాలేదు. అది లేకపోతే ఆ సిలిండరు మా హవల్దారు చెప్పిన కర్రే.

ఐదు గంటలు తిరిగాం. కోఠీలో మందుల పరికరాల దుకాణాలన్నీ ‘స్టాకు లేదు’ అన్నాయి. ఒకతను మామూలు ధరకు పదింతలు చెప్పి, మేము ఒప్పుకొనేలోగా ఇంకొకరికి అమ్మేశాడు. లాలాపేటలో ఒక వెల్డింగు మిస్త్రీ తన మీటరు ఊడదీసి చేతికిచ్చాడు గాని, అది ఇనుమును కోయడానికి చేసినది, మనిషి ముక్కుకు పెట్టకూడదు. అతనే మళ్ళీ వెనక్కి తీసుకొని, ‘వద్దు సార్, పాపం తగులుతుంది’ అన్నాడు. చివరికి నా విద్యార్థులకు ఫోనులో సందేశం పెట్టాను. పదకొండు గంటలకు ఒక అమ్మాయి ఫోను చేసింది. మూడు నెలలుగా తరగతిలో ఆమె గొంతు నేను వినలేదు.

‘సార్, మా ఇంట్లో ఉన్నది. తీసుకుపొండి.’

‘మీకు అవసరం లేదా అమ్మా?’

‘పొద్దున్నే మా నాయిన పోయిండు సార్.’

ఆమె గేటు దగ్గరకు వచ్చి ఒక పాలిథిన్ సంచి గోడమీద పెట్టి, ఆరడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది. లోపల ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తున్నది. మీటరును కడిగి, తుడిచి, మరో చిన్న కవరులో వేసి ఇచ్చింది. దాన్ని బిగించే స్పానరు కూడా గుర్తుపెట్టుకొని సంచిలో వేసింది. ఎంత ఇవ్వాలని అడగబోయి ఆమె మొహం చూసి ఊరుకొన్నాను. ‘మీ పని అయినంక ఇంకెవరికన్నా ఇయ్యిండ్రి సార్’ అన్నది.

మాస్టారు బతికారు. ఇప్పటికీ సాయంత్రం పూట అరుగుమీద కూర్చొని పిల్లలకు లెక్కలు చెబుతుంటారు. తొమ్మిదో రోజున ఆ మీటరు మా వెనక వీధికి వెళ్ళింది. అక్కడినుంచి హబ్సిగూడకు, ఆ తరువాత నాచారానికి. జూన్ నెలలో ఎవరో ఉప్పల్ నుంచి నాకు ఫోను చేసి, ‘మీటరు మీదే అంటగదా, ఎక్కడ తెచ్చియ్యాలె?’ అని అడిగారు. నా దగ్గరకు తేవద్దని చెప్పి ఆ అమ్మాయి ఇంటి గుర్తులు చెప్పాను.